మైక్రోపిపెట్, బ్యూరెట్, లాక్టోమీటర్: పని అయ్యాక ఎలా భద్రపరచాలి?

"అన్నా, పిపెట్ కొని ఏడాది కాలేదు, అప్పుడే తప్పు చూపిస్తోంది. మాలే మంచిది కాదా?" తిరుపతిలో డయాగ్నస్టిక్ ల్యాబు నడిపేవాళ్ళు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షలు చేసే పిల్లలు, పల్లెల్లో పాలకేంద్రం చూసుకునేవాళ్ళు మాటలు మార్చి అడిగే ప్రశ్న ఇదే. మైక్రోపిపెట్ అంటే బటన్ నొక్కి వదిలితే కొద్ది మైక్రోలీటర్ల ద్రవాన్ని కొలిచి పీల్చే పరికరం, బ్యూరెట్ అంటే కింద స్టాప్‌కాక్ అనే చిన్న కుళాయి ఉన్న గీతల గాజు గొట్టం, లాక్టోమీటర్ అంటే పాలలో తేలి చిక్కదనం చూపే గాజు పరికరం. చాలాసార్లు మాలులో లోపం ఉండదు. పరికరం మన చేతిలో ఉండేది రోజుకు కొన్ని గంటలే. మిగతా సమయమంతా అది ఎక్కడుంది, నిలువుగా ఉందా పడుకుని ఉందా, లోపల ఏం ఎండిపోయింది అన్నదాన్ని బట్టే దాని కొలత నిలుస్తుంది, లేదా చెడుతుంది.

ఆ తప్పు మనకు కనిపించదు. షుగర్ రిపోర్టు తేడాగా వచ్చిన రోగికో, వెన్న శాతం తక్కువ పడిన పాడి రైతుకో తగులుతుంది. అందుకే ఈ పని చివర్లో హడావుడిగా చేసేది కాదు, పరీక్షలో ఒక భాగం అనుకుని చేయండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు దీనికి బదులు కావు
- ల్యాబు డిటర్జెంట్ (నురగ తక్కువ వచ్చే ద్రవం), మెత్తని బ్రష్షులు
- 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ లేదా టిష్యూ
- పిపెట్ స్టాండు, బ్యూరెట్ స్టాండు, గాజు పిపెట్ల ర్యాకు
- సిలికా జెల్ పొట్లాలు
- సన్నగా కత్తిరించిన తెల్ల కాగితపు ముక్కలు
- గది ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్
- ఒక నోటుబుక్కు, ఎర్ర టేపు

పిపెట్ స్టాండు కొనలేకపోతే వడ్రంగితో పని అవుతుంది. అంచున యూ ఆకారంలో కోతలు పెట్టిన చెక్కపలకను గోడకు కొట్టించండి. పిపెట్ వెనక వేలు ఆనే కొక్కెం దానికి తగులుకుని పరికరం నిటారుగా వేలాడుతుంది. కోత లోపలి అంచులు గరుకు కాగితంతో నున్నగా చేయించండి. గ్లాసులోనో పెన్ను స్టాండులోనో నిలబెట్టకండి. పై బరువుకు అది పక్కకు ఒరుగుతుంది, ఒక్కసారి కింద పడితే లోపలి పిస్టన్ వంగినా మీకు బయటికి కనిపించదు.

ఎక్కడ పెట్టాలి

మన దగ్గర మొదటి శత్రువు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా మధ్యాహ్నానికి బయటి గాలి కంటే వేడెక్కుతుంది. కాబట్టి కొలత పరికరాలున్న బీరువా లోపలి గోడకు, కిటికీకి దూరంగా ఉండాలి. నేరుగా ఎండ తగిలితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. కల్చర్ హుడ్‌లో (సూక్ష్మజీవుల పని చేసే మూసిన అరలో) అతినీలలోహిత దీపం వెలిగించే ముందు పిపెట్లు బయటికి తీయమనేది కూడా ఇందుకే.

రెండోది ఆవిర్లు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా సీసాలున్న అరలో పిపెట్‌ను ఎప్పుడూ పెట్టకండి. మూత బిగించినా సన్నగా ఆవిరి వస్తూనే ఉంటుంది. లోపలి స్ప్రింగుకు, స్టీలు పిస్టన్‌కు తుప్పు పట్టేది దానివల్లే. చాలా ల్యాబుల్లో అద్దాల బీరువా ఒక్కటే ఉంటుంది, అందులోనే రసాయనాలు, పరికరాలు కలిపి పెడతారు. ఇంకో బీరువా కొనే వీలు లేకపోతే ఆమ్లాల సీసాలనే బయటికి తీసి వేరే చోట కింది అరలో పెట్టండి. జాగా మారాల్సింది వాటిది.

మూడోది తేమ. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంలో వస్తాయి. ఆ మూడు నెలలూ సొరుగులో సిలికా జెల్ ఉంచండి. రంగు మారే రకమైతే, రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే మేలు అనుకుని కొందరు పిపెట్‌ను రియేజెంట్ల పక్కనే పెడతారు. అక్కడి నుంచి బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. అలా చేయొద్దు.

మైక్రోపిపెట్: రోజూ సాయంత్రం చేయాల్సినవి

1. టిప్పు (కింద తగిలించి మార్చుకునే ప్లాస్టిక్ కొన) తీసేయండి. టిప్పు తగిలించి ఉంచితే టిప్పు ఎక్కే కొన ఒత్తిడికి అరుగుతుంది. దానికంటే పెద్ద ప్రమాదం, ఆ టిప్పులో మిగిలిన సీరం.

2. పై నుంచి కిందికి తుడవండి. గ్లోవ్స్ వేసుకుని, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పిండిన గుడ్డతో పిడి, బటన్, టిప్పు ఎక్కే కొన తుడవాలి. ద్రవం నేరుగా పిపెట్ మీద చిమ్మకండి, సందుల్లోకి పోతుంది. రక్తం పడి బ్లీచింగ్ ద్రావణం వాడాల్సి వస్తే బయటి భాగానికే వాడి, వెంటనే డిస్టిల్డ్ వాటర్ గుడ్డతో తుడిచేయండి. అది పిస్టన్‌కు తగిలితే లోహాన్ని తినేస్తుంది.

3. కొన లోపల చూడండి. వెలుతురుకు పట్టి కింది రంధ్రంలోకి చూస్తే తడి గానీ ఎండిన చార గానీ కనిపించకూడదు. కనిపిస్తే స్టాండులో పెట్టకుండా 7వ అంచెకు వెళ్ళండి.

4. వాల్యూమ్‌ను గరిష్ఠానికి తిప్పండి. 100 నుంచి 1000 మైక్రోలీటర్ల పిపెట్ అయితే 1000 దగ్గర ఆపాలి. ఆ స్థితిలో లోపలి స్ప్రింగు మీద ఒత్తిడి తక్కువ. 1000 దాటి ఒక్క గీత కూడా బలవంతంగా తిప్పకండి. అంకెలు తిప్పే మర జారితే ఇంట్లో బాగు చేసుకునేది కాదు. 10, 50, 100 మైక్రోలీటర్ల ఫిక్స్‌డ్ పిపెట్లకు ఈ అంచె అక్కర్లేదు.

5. నిటారుగా వేలాడదీయండి. ఇది ఒక్కటి పాటించినా సగం గొడవ తీరిపోతుంది. పిపెట్‌ను టేబుల్ మీద పడుకోబెడితే టిప్పులోని ద్రవం వెనక్కి జారి పిస్టన్ దాకా పోతుంది. సీరం అయితే అంటుకుని ఎండుతుంది, ఆమ్లమైతే తుప్పు పట్టిస్తుంది. రెండింటివల్లా సీల్ సరిగ్గా ఆనదు, గాలి లీకవుతుంది, పీల్చేది తక్కువవుతుంది. పని మధ్యలో ఫోను వచ్చినా సరే, టిప్పు తీసి స్టాండుకే తగిలించండి. ఆప్రాన్ జేబులో పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. వంగినప్పుడల్లా అది తలకిందులవుతుంది.

6. దుమ్ము పడకుండా కప్పండి. స్టాండు మీద ఉతికిన నూలు గుడ్డ చాలు. పీచు రాలే తువ్వాలు వద్దు.

7. లోపలికి ద్రవం పోయి ఉంటే ఆ రోజే విప్పి కడగండి. రేపటికి వాయిదా వేస్తే ఎండి అతుక్కుంటుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చెప్పిన భాగాలు మాత్రమే విప్పాలి, సాధారణంగా అది టిప్పు ఎక్కే కింది గొట్టం వరకే. గొట్టాన్ని పలచని డిటర్జెంట్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు జాడించి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. పిస్టన్‌ను ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, కంపెనీ ఇచ్చిన గ్రీజు వేలికి అంటీ అంటనట్టు రాయండి. గ్రీజు అక్కర్లేని రకాలూ ఉన్నాయి, వాటికి రాయకండి. కుట్టు మిషన్ నూనె, కొబ్బరినూనె, వాసెలిన్ దీనికి పనికిరావు, రబ్బరు సీల్ ఉబ్బుతుంది. ఒకసారి విప్పిన పిపెట్‌ను కింద చెప్పిన పరీక్ష చేయకుండా రోగి శాంపిల్‌కు వాడకూడదు.

వారం పైన ల్యాబు మూస్తున్నప్పుడు కూడా పద్ధతి ఇదే. ఎలక్ట్రానిక్ పిపెట్ అయితే బ్యాటరీ గురించి దాని పుస్తకం ఏం చెప్పిందో చూసి, తీయమంటే తీసి పెట్టండి. పెట్టెలో పంపాల్సి వస్తే కొన్నప్పుడు వచ్చిన నురుగు అచ్చులోనే పంపండి. లోపల తడి లేదని ఖాయం చేసుకున్నాకే పడుకోబెట్టాలి.

ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే పాత్ర) సంగతి అడిగేవాళ్ళు చాలామంది. పిపెట్ మీద 121 డిగ్రీల గుర్తు ఉంటేనే చేయండి. కొన్నింటికి కింది భాగం మాత్రమే తట్టుకుంటుంది. బయటికి తీశాక గది వేడికి వచ్చి, లోపల పూర్తిగా ఆరేదాకా వాడకండి.

బ్యూరెట్: సీజన్ అయ్యాక బిగుసుకుపోకుండా

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు పని జూన్, జులైల్లో ముమ్మరంగా ఉంటుంది. గుజ్జులో ఆమ్లం ఎంతుందో తేల్చడానికి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో టైట్రేషన్ (బొట్టుబొట్టుగా కలిపి ఎంత పట్టిందో చూసే పరీక్ష) చేస్తారు. సీజన్ అయిపోగానే బ్యూరెట్‌లో అడుగున కాస్త క్షారం అలాగే వదిలేసి తాళం వేసుకుని పోతారు. మళ్ళీ వేసవికి తెరిస్తే స్టాప్‌కాక్ చుట్టూ తెల్లటి పొర, తిప్పితే కదలదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో క్షారం కలిసి సోడియం కార్బొనేట్‌గా గట్టిపడి సందులో చేరుతుంది, పైగా క్షారం గాజు అరగదీసిన ఉపరితలాన్నే మెల్లగా తినేస్తుంది. బలంగా తిప్పితే చెయ్యి కోసుకుంటుంది, బ్యూరెట్ రెండు ముక్కలవుతుంది.

1. టైట్రేషన్ అవగానే మిగిలిన ద్రావణం పారబోయండి. దాన్ని తిరిగి సీసాలో పోయకండి.

2. మొదట కుళాయి నీళ్ళు, తర్వాత డిస్టిల్డ్ వాటర్ మూడుసార్లు నింపి, స్టాప్‌కాక్ తెరిచి ముక్కు గుండా వదలండి. పై నుంచి వంచి పారబోస్తే ముక్కులో క్షారం అలాగే మిగులుతుంది. పర్మాంగనేట్ గోధుమ మరక ఉంటే కాస్త వెచ్చని పలచని ఆక్జాలిక్ ఆమ్లంతో పోతుంది. అయొడిన్ మరకకు థయోసల్ఫేట్ సరిపోతుంది. ఆక్జాలిక్ ఆమ్లం విషం, పారబోశాక చేతులు కడుక్కోండి. పాత కాలేజీ ల్యాబుల్లో ఇంకా క్రోమిక్ ఆమ్లం సీసా కనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు, అది కాన్సర్ కారకం.

3. నీళ్ళు వదిలినప్పుడు గొట్టం లోపలి గోడ చూడండి. నీరు పలచని పొరలా సమంగా జారిపోవాలి. గోడకు బొట్లు బొట్లుగా అంటుకుని నిలబడితే లోపల జిడ్డు ఉన్నట్టు. ఆ బొట్లన్నీ మీ రీడింగులో లెక్కకొచ్చినా బయటికి రాని ద్రవమే. డిటర్జెంట్ వేసి సన్నని పొడవాటి బ్రష్షుతో మళ్ళీ కడగండి. ఇసుక, స్టీలు పీచు, గిన్నెలు తోమే పొడి వాడితే గాజు మీద గీతలు పడతాయి.

4. గాజు స్టాప్‌కాక్ అయితే బయటికి తీసి, పాత గ్రీజు టిష్యూతో తుడిచి, రెండు ఉపరితలాల మధ్య సన్నని కాగితపు ముక్క పెట్టి, వదులుగా తిరిగి అమర్చి దారంతో కట్టండి. వేరే బ్యూరెట్ స్టాప్‌కాక్ దీనికి సరిగ్గా ఆనదు కాబట్టి జతలు మారనివ్వకండి. టెఫ్లాన్ స్టాప్‌కాక్‌కు గ్రీజు వద్దు. దాని మరను మాత్రం సగం చుట్టు వదులు చేయాలి. టెఫ్లాన్ ఎక్కువ రోజులు ఒత్తిడిలో ఉంటే నెమ్మదిగా ఆకారం మారి కారడం మొదలవుతుంది.

5. స్టాప్‌కాక్ తెరిచి, బ్యూరెట్‌ను తలకిందులుగా స్టాండుకు బిగించండి. మర్నాడే మళ్ళీ వాడేదుంటే 4వ అంచెకూ దీనికీ బదులు స్టాప్‌కాక్ మూసి డిస్టిల్డ్ వాటర్ నిండా పోసి, పైన చిన్న బీకరు బోర్లించి ఉంచవచ్చు. అలా పెట్టిన బ్యూరెట్ మూతి దుమ్ముపట్టదు, లోపల జిడ్డూ ఎండదు. సెలవుల్లో మాత్రం నీళ్ళు నింపి పెట్టకండి, పాచి పడుతుంది.

ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే? ప్లయర్లు వద్దు. ఒక గుడ్డను వేడి నీళ్ళలో ముంచి పిండి, బయటి గాజు చుట్టూ కొన్ని నిమిషాలు చుట్టండి. బయటి గాజు వ్యాకోచించి సందు ఇస్తుంది. అప్పుడు చెక్క పిడితో మెల్లగా తట్టి, గుడ్డతో పట్టుకుని తిప్పండి. రాకపోతే పలచని ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ రాని బ్యూరెట్ కోసం మీ వేళ్ళు పణంగా పెట్టకండి.

గాజు పిపెట్లు, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు

కడగడం మీద చెప్పిందే వీటికీ వర్తిస్తుంది. పిపెట్ల కొన ఎంత సన్నగా పగిలినా ద్రవం పోయే వేగం మారి కొలత తప్పుతుంది. అందువల్ల సొరుగులో అడుగున మెత్తటి నురుగు పరిచి ఒక్కొక్కటి విడివిడిగా పడుకోబెట్టండి, లేదా ర్యాకులో కొన పైకి ఉండేలా నిలబెట్టండి. జార్‌లో కొన కిందికి వేసి నానబెట్టేటప్పుడు అడుగున రబ్బరు ముక్క వేయండి. పది పిపెట్లు కట్టగా కట్టి రబ్బరు బ్యాండు వేయడం మాత్రం మానుకోండి.

ఫ్లాస్కుకు గాజు మూత అయితే మెడకూ మూతకూ మధ్య కాగితపు ముక్క పెట్టి, మూతను దారంతో మెడకు కట్టండి. ఫ్లాస్కులో ద్రావణం తయారు చేయగానే సీసాలోకి మార్చాలి. దాన్ని నిల్వ పాత్రగా వాడితే, ముఖ్యంగా క్షారానికి, గాజు తినిపోతుంది. తొందరగా ఆరాలని ఓవెన్‌లో పెట్టకండి. నీడలో బోర్లించి ఆరనివ్వండి. నిజానికి ఫ్లాస్కులోకి తర్వాత పోసేది నీళ్ళే అయితే పూర్తిగా ఆరాల్సిన పనే లేదు.

బోరు నీళ్ళతో కడిగి అలాగే ఆరబెట్టేవాళ్ళకు గాజు మీద తెల్లటి మచ్చలు వస్తాయి. అది నీటిలోని సున్నం. పలచని సిట్రిక్ ఆమ్లం లేదా తెల్ల వెనిగర్‌లో కాసేపు ఉంచితే పోతుంది. చివరి జాడింపు డిస్టిల్డ్ వాటర్‌తో ఉంటే అసలు రాదు.

లాక్టోమీటర్, బ్యూటిరోమీటర్: పాలకేంద్రం వాళ్ళకు

మన చిత్తూరు, తిరుపతి వైపు కరువు ఏళ్ళలో ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది పాడి. పొద్దున, సాయంత్రం క్యాన్లు వరసలో ఉన్నప్పుడు లాక్టోమీటర్‌ను ఒక పాలలోంచి ఇంకో పాలలోకి ముంచుతూ పోతారు, చివరికి నీళ్ళలో ముంచి గూట్లో పెట్టేస్తారు. పాలలోని వెన్న, ప్రోటీన్ కాడ మీద పొరలా ఎండిపోతాయి. పాల మట్టానికి పైన ఉన్న కాడ మీద ఆ పొర బరువు మొత్తం పరికరాన్ని కిందికి నొక్కుతుంది. పైగా జిడ్డు కాడకు పాలు సమంగా అంటవు, రీడింగు తీసే అంచు వంకరగా కనిపిస్తుంది. లాక్టోమీటర్ ఎక్కువ మునిగితే రీడింగు తగ్గుతుంది. ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) లెక్క కట్టేటప్పుడు ఆ రీడింగును 4తో భాగిస్తారు కాబట్టి ఒక్క గీత తగ్గినా 0.25 శాతం ఎస్ఎన్ఎఫ్ రైతు ఖాతాలో పోయినట్టే. నీళ్ళు కలిపావని అనిపించుకునేదీ ఆ రైతే.

1. చివరి క్యాను అవగానే ముందు చన్నీళ్ళతో జాడించండి. మొదటే వేడినీళ్ళు పోస్తే పాల ప్రోటీన్ గాజుకు గట్టిగా పట్టుకుంటుంది.

2. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, కాస్త డిటర్జెంట్, మెత్తటి గుడ్డతో కాడ పై నుంచి బల్బు దాకా తుడవండి. కాడను రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టకండి, సన్నగా ఉండేది అక్కడే విరుగుతుంది.

3. శుభ్రమైన నీళ్ళతో జాడించి, పొడి గుడ్డతో అద్ది, నిటారుగా పెట్టండి. ఇక్కడ వేడి ఎక్కువ కాబట్టి నిలువుగా ఉంచమంటున్నాను. బల్బు అడుగున సీసపు గుండ్లను మైనంలాంటి పదార్థంతో పట్టించిన రకాలు ఉన్నాయి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం పడుకోబెడితే ఆ పదార్థం మెత్తబడి గుండ్లు ఒక పక్కకు చేరతాయి. ఆ తర్వాత అది పాలలో వంకరగా తేలుతుంది.

4. సొంత స్టాండు లేకపోతే రెండంగుళాల పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింద మూత బిగించి, అడుగున దూది దట్టంగా వేసి, గోడకు క్లాంపుతో నిలువుగా బిగించండి. బండి మీద ఊరూరా తిరిగేవాళ్ళకు పై మూత కూడా బిగిస్తే ఇదే ప్రయాణపు పెట్టె అవుతుంది. దూది తడిస్తే మార్చండి.

వెన్న శాతం చూసే బ్యూటిరోమీటర్ల సంగతికి వస్తే, పరీక్ష అవగానే లోపలి గంధకామ్లాన్ని వేడిగా ఉన్నప్పుడే వాడిన ఆమ్లం పోసే పాత్రలోకి జాగ్రత్తగా వంపాలి. చల్లారితే వెన్న గడ్డకట్టి సన్న కాడలో ఇరుక్కుంటుంది. రక్షణ కళ్ళద్దాలు, గ్లోవ్స్ లేకుండా ఈ పని చేయకండి. వేడి డిటర్జెంట్ నీళ్ళతో బ్రష్షు వేసి కడిగి, మూతి కిందికి ఉండేలా ర్యాకులో పెట్టండి. రబ్బరు బిరడా విడిగా కడిగి విడిగా ఆరబెట్టాలి. బిరడా బిగించి దాస్తే రబ్బరు మెడకు అతుక్కుని, రేపు లాగితే పగుళ్ళు ఇస్తుంది. పాలు తీసే 10.75 మి.లీ. పిపెట్, ఆమ్లానికి 10 మి.లీ., అమైల్ ఆల్కహాల్‌కు 1 మి.లీ. కొలతలు వేర్వేరు చోట్ల వేర్వేరు రంగు టేపు చుట్టి పెట్టండి. ఆమ్లం పిపెట్‌తో పాలు తీయడం ఈ కేంద్రాల్లో తరచూ జరిగే పొరపాటు.

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

*మైక్రోపిపెట్ లీకు పరీక్ష.* కొత్త టిప్పు తగిలించి, గరిష్ఠ వాల్యూమ్‌లో డిస్టిల్డ్ వాటర్ పీల్చి, నిటారుగా 20 సెకన్లు పట్టుకోండి. కొన దగ్గర బొట్టు ఊరకూడదు, లోపలి మట్టం జారకూడదు. జారితే టిప్పు మార్చి చూడండి. అప్పటికీ జారితే సీల్ పోయింది. వారానికి ఒకసారి చేయండి, నిమిషం పని.

*తూకం పరీక్ష.* 1 మిల్లీగ్రాము చూపే త్రాసు ఉంటే 1000 మైక్రోలీటర్ల పిపెట్‌కు సరిపోతుంది. 100 మైక్రోలీటర్లకు 0.1 మిల్లీగ్రాము చూపేది కావాలి. పిపెట్, నీళ్ళు, టిప్పులు అన్నీ ఒకే గదిలో కనీసం రెండు గంటలు ఉంచండి. ఏసీ ఆపిన రాత్రి గడిచాక పొద్దునే పరీక్షకు కూర్చోకండి, గది ఇంకా మారుతూ ఉంటుంది. మూత ఉన్న చిన్న సీసాలో పదిసార్లు నీళ్ళు వదిలి, ఒక్కోసారి బరువు రాసుకోండి. సగటు బరువును మిల్లీగ్రాముల్లో తీసి, నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలైతే 1.0040తో, 30 డిగ్రీలైతే 1.0054తో గుణించండి. వచ్చిందే మైక్రోలీటర్లు. అంటే 30 డిగ్రీల దగ్గర 1000 మైక్రోలీటర్ల నీళ్ళు దాదాపు 994.6 మిల్లీగ్రాములు తూగాలి. ఈ సంగతి తెలియక 1000 రాలేదని మంచి పిపెట్‌ను పారేసేవాళ్ళున్నారు. పిపెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం 1000 మైక్రోలీటర్లకు సగటులో 8 మైక్రోలీటర్ల వరకు, 100కు 0.8 వరకు తేడా ఒప్పుకుంటారు. పది బరువులూ ఒకదానికొకటి దూరంగా పడుతుంటే సగటు సరిపోయినా సంతోషించకండి. సీల్ చూడండి, టిప్పు చూడండి, మీ చెయ్యీ చూసుకోండి.

త్రాసు లేని చిన్న ల్యాబులు లీకు పరీక్షతో ఆగకుండా, ఏడాదికి ఒకసారైనా ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబుకు పంపాలి. ఊళ్ళో యూనివర్సిటీ ల్యాబులో మంచి త్రాసు ఉన్న పరిచయస్తులుంటే మధ్యలో ఒకసారి అక్కడ తూచి చూసుకోవచ్చు.

*బ్యూరెట్.* నీళ్ళు సున్నా గీత దాకా నింపి, ముక్కులో గాలి బుడగ లేకుండా చూసి, నిటారుగా 20 నిమిషాలు వదిలేయండి. మట్టం కదలకూడదు, ముక్కు కొన తడవకూడదు. ఒక్క బొట్టు సుమారు 0.05 మి.లీ. 50 మి.లీ. క్లాస్-'ఎ' (ఎక్కువ కచ్చితమైన రకం) బ్యూరెట్‌కు మొత్తం మీద ఒప్పుకునే తేడా కూడా అంతే.

*లాక్టోమీటర్.* దాని కాడ మీద ఏ ఉష్ణోగ్రత రాసి ఉందో ముందు చూడండి. డిస్టిల్డ్ వాటర్‌ను ఆ ఉష్ణోగ్రతకు తెచ్చి తేలనివ్వండి. సున్నా గీత ఉన్న రకమైతే సాధారణంగా దాని దగ్గర నిలవాలి, ఏదైనా నిటారుగా తేలాలి. లోపలి కాగితపు స్కేలు జారిందేమో, గాజు మీద వెంట్రుక పగులు ఉందేమో భూతద్దంతో చూడండి. ఇంకో మంచి పద్ధతి, రోజూ వాడనిది ఒకటి పెట్టెలో దాచి ఉంచి నెలకోసారి ఒకే పాలలో రెండింటినీ తేల్చి పోల్చడం.

గాజు సామాను మీద 20 డిగ్రీలు అని గానీ 27 డిగ్రీలు అని గానీ రాసి ఉంటుంది. కొనేటప్పుడే చూసి, ఒకే ల్యాబులో రెండు రకాలు కలిపి వాడకండి.

నోటుబుక్కులో ఏం రాయాలి

ప్రతి పరికరానికీ చిన్న నంబరు అతికించండి. తేదీ, ఏ పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, గది ఉష్ణోగ్రత, ఎవరు చేశారు. అంతే. కింద పడితే అదే రోజు రాయండి, ఎవరి చేతిలోంచి పడిందని గొడవ చేయకుండా. తిడతారని భయపడితే పిల్లలు చెప్పడం మానేస్తారు, పడిన పిపెట్ మళ్ళీ స్టాండు ఎక్కి పని చేస్తూనే ఉంటుంది.

పరీక్షలో తప్పిన దానికి ఎర్ర టేపు చుట్టి వేరే గదిలో పెట్టండి. అదే స్టాండులో ఉంచితే రద్దీ గంటలో ఎవరో ఒకరు తీస్తారు. బాగు చేయించి, తూకం పరీక్షలో నిలిచాక, తేదీ రాసి టేపు విప్పండి.